బిడ్డలకు సగం సగం

నేను రాసిన ఒక కాగితంలోని ఒక్క మాటకు అర్థం తేల్చడానికి రెండు కోర్టులకు దాదాపు ఏడేళ్లు పట్టింది. ఆ మాట నాది కాదు, చేపలమ్మే ఒక ముసలామెది. దాని చుట్టూ ఉన్న మాటలన్నీ నావి. చిక్కంతా అక్కడే వచ్చింది.

తొంభైల మొదట్లో మా వారికి బ్యాంకులో బదిలీ అయి కృష్ణా జిల్లా నుంచి మేడ్చల్ వచ్చాం. అత్వెల్లి దగ్గర హైవే పక్కన కొత్తగా వేసిన కాలనీలో చిన్న ఇల్లు కట్టుకున్నాం. కాలనీలో ఎక్కువమంది మా వైపు వాళ్లే. సాయంత్రం అరుగు మీద కూర్చుంటే బందరులోనో గుడివాడలోనో ఉన్నట్టుండేది. నేను శామీర్‌పేట వైపు ఒక ప్రైవేటు హైస్కూల్లో తెలుగు టీచరుగా చేరాను. పిల్లలు వ్యాసంలో ‘మా నాయిన వస్తుండె’ అని రాస్తే ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పక్కన సరైన రూపం రాసేదాన్ని. ‘గీ’, ‘గా’, ‘ఇగ’ ఇవన్నీ నా క్లాసులో తప్పులే. అలా దిద్దడం ఆ పిల్లలకు నేను చేస్తున్న మేలు అని మనస్ఫూర్తిగా నమ్మాను. ఆ ఊళ్ల భాషతో నాకున్న పరిచయమంతా దిద్దడం వరకే.

ఆ ముసలామె వారానికి రెండుసార్లు చేపల గంపతో మా వీధికి వచ్చేది. శామీర్‌పేట చెరువు దగ్గర వాళ్ల ఇల్లు. భర్త పచ్చకామెర్లతో ఎప్పుడో పోయాడు. అప్పటినుంచి ఆమే గంప ఎత్తుకుని ఊళ్లు తిరిగి ముగ్గురు పిల్లల్ని పెంచింది. పెద్దది కూతురు, నడిమివాడు కొడుకు, చిన్నది కూతురు. ముగ్గురికీ పెళ్లిళ్లయ్యాయి. మా గేటు ముందు గంప దించి, కత్తిపీట ముందేసుకుని కూర్చుని, బొచ్చె చేప పొలుసు తీస్తూ ఊరి కబుర్లన్నీ చెప్పేది. నేను ఆమెను అవ్వా అనేదాన్ని. ఆమె నన్ను బిడ్డా అనేది.

చేపలమ్మి కూడబెట్టిన దానితో ఆమె చాలా ఏళ్ల కిందట రోడ్డు పక్కన పది గుంటలు, అంటే పావెకరం, రాళ్ల నేల కొనుక్కుంది. అప్పట్లో దాన్ని ఎవరూ అడిగేవాళ్లు కాదు. నేను వచ్చిన కొన్నాళ్లకు ఆ రోడ్డు పొడుగునా ప్లాట్ల రాళ్లు పాతడం మొదలైంది. కార్లలో మనుషులు వచ్చి ఆ నేల ఎవరిదని అడిగి వెళ్లేవాళ్లు.

ఒక ఆదివారం మధ్యాహ్నం గంప ఖాళీ అయ్యాక ఆమె వెళ్లకుండా మా వరండా మెట్టు మీద కూర్చుంది.

“ఒక కాయితం రాసిస్తవా బిడ్డా?” అంది.

“ఏం కాగితం అవ్వా?”

“నేను సచ్చినంక గా జాగ ఎవరికి అన్నది. మేడ్చల్ల రాసేటోడున్నడు గని, వాడు నా కొడుకు ఒక్క బండి మీదనే తిరుగుతరు. వాని తాన రాపియ్య. నువ్వు సదువుకున్నదానివి. నీ అక్షరం మంచిగుంటదని పోరగాండ్లు జెప్తరు.”

నాకు గర్వంగా అనిపించింది. వీలునామా ఎలా రాయాలో మా వారిని అడిగాను. స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షులు చాలన్నారు. లోపల్నుంచి పాత ప్రశ్నపత్రం ఒకటి తెచ్చి, దాని వెనక పెన్సిలుతో ఆమె మాటలు చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను.

“కొడుక్కు వాళ్ల నాయిన ఇల్లు ఎన్నడో ఇచ్చిన. చెరువుల చేపలు వట్టే సొసైటీల వాళ్ల నాయిన మెంబరు పేరు గూడ వానికే ఎక్కింది. గా ముచ్చట రాయి. గీ జాగ నా రెక్కల కష్టంది. నేను సచ్చినంక నా బిడ్డలకు సగం సగం. అల్లుండ్లకు దాని మీద పెత్తనం లేదు. తాగి అమ్ముకుంటరు వాండ్లు. గది గట్టిగ రాయి.”

“పేర్లు చెప్పవ్వా.”

“పేర్లెందుకు? చిన్నదానికి అత్తగారింట్ల వేరే పేరు వెట్టిన్రు. రేషన్ కార్డుల ఒకటున్నది, ఇంకోదాంట్ల ఒకటున్నది. ఏది రాసినా పరేషానే. నా బిడ్డలకు అని రాయి. ఊరందరికీ ఎరుకే.”

పేర్లుంటేనే మంచిదని నేను గట్టిగా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. తర్వాత నాలుగు రోజులు తీరిగ్గా కూర్చుని ఆమె మాటల్ని వీలునామా భాషలోకి మార్చాను. ‘నాకు ఒక కుమారుడు, ఇద్దరు కుమార్తెలు కలరు’ అని మొదలుపెట్టాను. ‘నా స్వార్జితమైన దిగువ స్థలమును నా తదనంతరము నా బిడ్డలు సమానముగా అనుభవించవలెను’ అని రాశాను. బిడ్డలు అన్న మాటను మాత్రం మార్చలేదు. సంతానం అంటే పొడిగా ఉంటుందని, బిడ్డలు అంటే తల్లి మాటలా తియ్యగా ఉంటుందని అనుకున్నాను. మా వైపు బిడ్డలంటే పిల్లలందరూ. ముగ్గురికి సగం సగం ఏమిటి, లెక్క రానివాళ్ల మాట అని లోపల నవ్వుకున్నాను కూడా. అందుకే ‘సమానముగా’ అని దిద్దాను, క్లాసులో పిల్లల వాక్యాన్ని దిద్దినట్టే.

కొడుకు గురించి ఆమె రాయమన్న మాట పూర్తిగా వదిలేశాను. ఆ వారమే కొడుకుతో గొడవ పడిందని నాకు తెలుసు. కోపంలో అన్న మాట కలకాలం కాగితం మీద ఉండిపోకూడదనుకున్నాను. తల్లి తన కొడుకును వేరు చేసి రాయడం నాకు నచ్చలేదు. నాకు నచ్చాల్సిన అవసరం ఏముంది? అది నా నేల కాదు, నా కొడుకు కాదు. ఆ ప్రశ్న అప్పుడు నాకు తట్టలేదు.

మరుసటి ఆదివారం ఆమె వచ్చింది. మా వారు, పక్కింటి రిటైర్డు పోస్టుమాస్టరు గారు సాక్షులుగా కూర్చున్నారు. నేను చదివి వినిపించాను. మా స్కూలు పాఠంలా గడగడా చదివాను. తదనంతరము, స్వార్జితము అన్నచోట ఆమె నా మొహంలోకి చూసింది. బిడ్డలు అన్నచోట తలూపింది. అల్లుళ్ల వాక్యం దగ్గర “మంచిగ రాసినవ్” అంది. అంతా అయ్యాక అడిగింది.

“కొడుకు ముచ్చట రాసినవా బిడ్డా?”

“అంతా వచ్చిందవ్వా” అన్నాను.

అది అబద్ధమని ఆ క్షణంలో నాకు తెలుసు. చాలా చిన్న అబద్ధం అనిపించింది. ఆమె వేలికి సిరా రాసుకుని ముద్ర వేసింది. సాక్షులు సంతకాలు చేశారు. అడుగున ‘వ్రాసినది’ అని నేను సంతకం పెట్టాను. ఆ ఆదివారం చేపలకు ఎంత చెప్పినా ఆమె డబ్బు తీసుకోలేదు.

నాలుగేళ్ల తర్వాత ఆమె పోయింది. నాకు పది రోజుల తర్వాత స్కూల్లో తెలిసింది. మా వీధికి చిన్న కూతురు గంపతో రావడం మొదలుపెట్టింది. అప్పటికి ఆ రోడ్డు మీద ఎన్నో వెంచర్ల బోర్డులు లేచాయి. మరో ఏడాది గడిచాక ఒకరోజు ఆమె గంప దించకుండానే గేటు దగ్గర నిలబడింది.

“మా అన్న కేసేసిండు టీచరమ్మా. జాగల మూడోవంతు తనకు రావాల్నంట. మీరు రాసిన కాయితంలనే గట్ల ఉన్నదంట.”

“ఉంది కదా” అన్నాను నేను. “బిడ్డలకు సమానంగా అని రాశాను. ముగ్గురూ బిడ్డలే కదమ్మా.”

ఆమె నన్ను వింతగా చూసింది. కోపంగా కాదు, అర్థం కాక.

“కొడుకు బిడ్డెట్లయితడు టీచరమ్మా? కొడుకంటే కొడుకే. బిడ్డలంటే మేమిద్దరం. మా అమ్మ మీకు జెప్పలేదా?”

అక్కడికి వచ్చి అప్పటికి ఎనిమిదేళ్లు. ‘మాకు ఇద్దరు కొడుకులు, ఒక బిడ్డ’ అని స్కూల్లో తల్లిదండ్రులు నాతో ఎన్నిసార్లు అని ఉంటారో. విన్నాను, వినలేదు. ఆమె వెళ్లాక పాత నోట్సుల కట్టలన్నీ వెతికాను. ప్రశ్నపత్రం దొరికింది. వెనక నా పెన్సిలు అక్షరాలు. కొడుక్కు ఇల్లు ఎన్నడో ఇచ్చిన. బిడ్డలకు సగం సగం. ఇద్దరైతేనే సగం సగం అవుతుంది. లెక్క రానిది ఆమెకు కాదు.

వీలునామా దొంగదని ఎవరూ అనలేదు. కొడుకూ ఒప్పుకున్నాడు, కూతుళ్లూ ఒప్పుకున్నారు. గొడవంతా బిడ్డలు అన్న మాట మీదే. కూతుళ్ల తరఫు లాయరు నన్ను సాక్షిగా పిలిపించాడు. ఆ అక్కాచెల్లెళ్లకు నా మీద అంత నమ్మకం.

సమన్లు వచ్చిన రోజు ఆ పెన్సిలు కాగితం మా వారికి చూపించాను. ఆయన రెండుసార్లు చదివారు.

“ఇది పట్టుకెళ్తే నువ్వు వీలునామా మార్చి రాశావంటారు” అన్నారు. “ఆవిడ చెప్పింది ఒకటి, నువ్వు రాసింది ఒకటి అని నీ నోటితో నువ్వే చెప్పినట్టు. నేను సాక్షి సంతకం పెట్టాను, నన్నూ లాగుతారు. స్కూలువాళ్లు ఊరుకుంటారా?”

“మరి వాళ్ల సంగతి?”

“కోర్టు ఉంది కదా. చూసుకుంటుంది.”

తప్పు ఆయన మీద నెట్టడానికి ఇది రాయడం లేదు. ఆయన ఒక మాట అన్నారు, అంతే. సాక్ష్యం చెప్పాల్సిన రోజు పొద్దున పెరట్లో స్నానాల నీళ్ల కాగు కింద ఆ కాగితం పెట్టింది నేను. మంట అంటుకునేదాకా చూసి లోపలికి వచ్చి జడ వేసుకున్నాను.

కోర్టు వరండాలో అక్కాచెల్లెళ్లిద్దరూ గోడవార కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేచారు. పెద్దామె సీసాలో మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. అవతల నిలబడ్డ కొడుకు కూడా “నమస్తే టీచరమ్మా” అన్నాడు. వాడి పిల్లల్లో ఒకడు మా స్కూల్లోనే చదివేవాడు.

బోనులో నిలబడ్డాక కూతుళ్ల లాయరు మొదట మంచిగానే అడిగాడు.

“ఈ వీలునామాలో బిడ్డలు అన్న మాట ఎవరిది?”

“ఆవిడదే” అన్నాను.

“రాయించేటప్పుడు కొడుకు గురించి ఆమె మీతో ఏమైనా చెప్పిందా?”

కొడుకు తరఫు లాయరు వెంటనే లేచాడు. కాగితంలో లేని మాటను నోటితో దూర్చకూడదని, వీలునామా అర్థం వీలునామాలోంచే రావాలని అన్నాడు. జడ్జి గారు కాసేపు ఆలోచించి, చెప్పనివ్వండి, దానికి ఎంత విలువ ఇవ్వాలో తర్వాత చూస్తాను అన్నారు. కోర్టంతా నా వైపు చూసింది. పెద్దామె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింటోంది.

“గుర్తులేదు” అన్నాను.

లాయరు మళ్లీ అడిగాడు. “బాగా గుర్తు చేసుకోండి. ఇల్లు కొడుక్కు ముందే ఇచ్చినట్టు గానీ, మరేదైనా గానీ...”

“చాలా ఏళ్లయింది. గుర్తులేదండి.”

టైపిస్టు దాన్ని ఇంగ్లీషులో కొట్టింది. మిషను చప్పుడు ఆగేదాకా ఎటు చూడాలో తెలియక బోను కర్ర మీది గీతలు చూశాను.

తర్వాత కొడుకు లాయరు లేచాడు.

“మీరు తెలుగు ఎమ్మే కదా?”

“అవును.”

“బిడ్డ అంటే నిఘంటువు అర్థం?”

“శిశువు. సంతానం.”

“ఆడపిల్ల అని మాత్రమే ఉందా?”

“లేదు.”

“ఆ ముసలామె మిమ్మల్ని ఏమని పిలిచేది?”

“బిడ్డా అని.”

“మీరు ఆమె కూతురా?”

వెనక ఎవరో నవ్వారు. నేను కాదన్నాను.

“ఇదే కాగితంలో పైన కుమార్తెలు అని రాశారు. కింద బిడ్డలు అని రాశారు. రెండింటికీ అర్థం ఒకటే అయితే రెండు మాటలెందుకు? కూతుళ్లకు మాత్రమే అయితే అక్కడ కూడా కుమార్తెలు అనే రాసేవారు కదా?”

ఒకే మాట రెండుసార్లు రాస్తే వాక్యం బాగుండదని పిల్లలకు చెప్పేదాన్ని. ఆ అలవాటే అక్కడ వాళ్లకు అడ్డం పడింది.

“రాసేటప్పుడు బిడ్డలంటే ముగ్గురు పిల్లలూ అనే మీరు అనుకున్నారు. అవునా?”

“అవును” అన్నాను. అది నిజమే. ఆ రోజు నేను చెప్పిన నిజాలన్నీ వాళ్లకు నష్టం చేశాయి. మేలు చేసే నిజం ఒక్కటే ఉంది, దాన్ని చెప్పలేదు.

బయటికి వచ్చాక చిన్నామె నన్ను షేర్ ఆటో ఎక్కించింది. “మస్తు ఏండ్లయింది గద టీచరమ్మా, మీకెట్ల యాదికుంటది” అంది. నేను తలూపాను.

తీర్పు ఏడాదిన్నరకు వచ్చింది. ఆ కాపీ పట్టుకుని అక్కాచెల్లెళ్లిద్దరూ నా దగ్గరికే వచ్చారు. లాయరు ఓడిపోయామని చెప్పాడట, ఎందుకో సరిగ్గా అర్థం కాలేదట.

“ఏం రాసిన్రో సదివి జెప్పు టీచరమ్మా” అంది పెద్దామె.

వరండాలో కూర్చుని ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెప్పుకుంటూ పోయాను. మాట స్పష్టంగా ఉన్నప్పుడు దానికి మామూలు అర్థమే చెప్పుకోవాలని, బయటి ఊహలతో వీలునామాను కొత్తగా రాయడం కోర్టు పని కాదని ఉంది. కుమార్తెలు, బిడ్డలు అని రెండు మాటలు వాడారంటే రెండు అర్థాలు ఉద్దేశించారనే అనుకోవాలని ఉంది. నాలుగో పేజీలో ఒక పేరా నా గురించి. వీలునామా రాసినామె తెలుగు ఉపాధ్యాయురాలు, ఏ పక్షానికీ చెందనిది, బిడ్డలంటే సంతానమంతా అనే ఆమె చెప్పింది, తల్లి కొడుకును మినహాయించమన్నట్టు ఆమెకు గుర్తులేదు, ఆమె మాట నమ్మదగినది అని రాశారు.

ఆ పేరా దగ్గరికి రాగానే పేజీ తిప్పేశాను.

“అయితే ముగ్గురికి సమానంగా పంచమన్నారు” అని ముగించాను.

“గంతేనా?” అంది పెద్దామె.

“అంతే.”

వాళ్లు అప్పీలుకు వెళ్లారు. అది నాలుగేళ్లకు పైగా నడిచింది. ఈలోపు పెద్దామె కూతురి పెళ్లి జరిగింది. నన్ను పిలిస్తే వెళ్లాను. మేనమామ బట్టలు పెట్టే వేళకు అందరూ గుమ్మం వైపు చూశారు. అతను రాలేదు. చివరికి దూరపు చుట్టం ఒకాయన ఆ బట్టలు పెట్టాడు. పెళ్లికూతురు తలెత్తలేదు. పెద్దామె పందిరి వెనక్కి వెళ్లి ఏడ్చింది. నేను భోజనం చేయకుండా వచ్చేశాను, తలనొప్పి అని చెప్పి.

అప్పీలు వాదనల రోజు ఎప్పుడో చిన్నామె ద్వారా తెలుసుకుని, స్కూలుకు సెలవు పెట్టి, ఎవరికీ చెప్పకుండా జిల్లా కోర్టుకు వెళ్లాను. వెనక బెంచీలో ఒక మూల కూర్చున్నాను. ఎందుకు వెళ్లానంటే చెప్పలేను. లేచి నిలబడి నిజం చెప్తానని దారంతా అనుకున్నాను. అక్కడ కూర్చున్నాక లేవలేదు.

జడ్జి గారు నడివయసాయన. ఫైల్లో ఉన్న ఇంగ్లీషు తర్జుమా చూసి, ఇది కాదు, తెలుగుది చదవండి అన్నారు. కూతుళ్ల లాయరు నా వాక్యాలన్నీ గట్టిగా చదివాడు. అల్లుళ్లకు ఎట్టి పెత్తనమూ లేదు అన్నచోట జడ్జి గారు ఆపి, మళ్లీ చదవమన్నారు. తర్వాత కొడుకు లాయరును అడిగారు.

“అల్లుళ్ల సంగతి ఇంత గట్టిగా రాయించిన మనిషి, కొడుక్కీ వాటా ఇచ్చేదైతే కోడలి గురించి ఒక్క ముక్క కూడా ఎందుకు రాయించలేదు?”

లాయరు ఏదో చెప్పాడు. జడ్జి గారు విని, వెనక నిలబడ్డ కొడుకు వైపు చూశారు.

“నువ్వేనా? నీకెంతమంది బిడ్డలయ్యా?”

“ఒక్క బిడ్డ సార్” అన్నాడు అతను వెంటనే. “ఇద్దరు కొడుకులు.”

అతని లాయరు కళ్లు మూసుకున్నాడు. తనేమన్నాడో అతనికి ఒక క్షణం ఆగి అర్థమైంది. అయినా వెనక్కి తీసుకోలేదు. తలవంచుకుని నిలబడ్డాడు. జడ్జి గారు, ఇది సాక్ష్యం కాదు, దీన్ని నేను రాసుకోవడం లేదు అని చెప్పి వాదన కొనసాగించమన్నారు. వెనక బెంచీలోంచి నేను ఆ కొడుకునే చూస్తున్నాను. అతను పదో తరగతి కూడా దాటలేదు. ప్రమాణం కూడా చేయలేదు. అడగ్గానే నిజం చెప్పాడు, తన వాటా పోతుందని కూడా చూసుకోలేదు.

తీర్పు కూతుళ్ల వైపు వచ్చింది. ఈసారి వాళ్ల లాయరే దాన్ని తెలుగులో చెప్పాడు. నేను కాపీ అడిగి తెచ్చుకుని చదివాను. వీలునామా చదివేటప్పుడు కోర్టు దాన్ని రాయించిన మనిషి కూర్చున్న చోట కూర్చుని చూడాలని జడ్జి గారు రాశారు. ఆమె ఏ ఊళ్లో బతికింది, ఎవరితో ఏ భాష మాట్లాడింది, ఎవరికి ఏమిచ్చింది, ఎవరంటే భయపడింది, ఇవన్నీ చూసి ఆమె నోట్లో ఆ మాటకు ఏ అర్థమో అదే తీసుకోవాలని. ఒక వాక్యాన్ని విడిగా పట్టుకోకుండా కాగితం మొత్తం కలిపి చదవాలని. చదువురాని ఆమె పలకని మాటలు కుమారుడు, కుమార్తెలు, తదనంతరము. పలికిన మాట బిడ్డలు. రెండు మాటలుంటే రెండర్థాలు అన్న సూత్రం మాటలను తానే ఎంచుకుని రాసేవాళ్లకు వర్తిస్తుంది కానీ ఆమెకు కాదని తేల్చారు. ఆప్యాయంగా పిలవడం వేరు, వరస చెప్పడం వేరు అని కూడా రాశారు. నా గురించి ఒకే వాక్యం ఉంది. రాసినామె భాష వేరు, రాయించినామె భాష వేరు, ఆ తేడాను రాసినామె గమనించినట్టు లేదు.

నన్ను ఆ తేడా తెలియనిదానిగా మాత్రమే ఆయన లెక్కగట్టారు. అంతకంటే ఎక్కువ ఆయనకు తెలియదు.

కొడుకు పై కోర్టుకు వెళ్లలేదు. కానీ చెల్లెలి ఇంటికీ, అక్క ఇంటికీ కూడా మళ్లీ వెళ్లలేదు. నేలను అక్కాచెల్లెళ్లు చెరిసగం రాయించుకున్నారు.

ఆ తర్వాత ఒక ఆదివారం చిన్నామె చేపలు తెచ్చినప్పుడు నేను ఆమెను వరండాలోకి రమ్మన్నాను. కూర్చోమంటే కూర్చుంది. పెన్సిలు కాగితం సంగతి, సగం సగం అన్న మాట, కొడుకు ముచ్చట రాయకుండా వదిలేయడం, కాగితాన్ని కాగు కింద పెట్టడం, కోర్టులో గుర్తులేదనడం, తీర్పులో పేజీ తిప్పేయడం అన్నీ చెప్పాను. మధ్యలో ఆగితే మళ్లీ చెప్పలేనని ఆగకుండా చెప్పాను. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని వింది.

“మా అమ్మ జెప్పింది టీచరమ్మా” అంది చివరికి. “కొడుకు ముచ్చట గూడ రాపిచ్చిన, టీచరమ్మ మంచిగ రాసింది అని. మీరు యాది లేదన్ననాడు మా అక్క జర అనుమానపడ్డది. నేనే అక్కను కోప్పడ్డ, టీచరమ్మ గట్ల చెయ్యదు అని.”

తర్వాత ఆమే అడిగింది.

“గా కాయితం చూపిస్తే కేసు మొదటి కోర్టులనే అయిపోవునా?”

“అయిపోయేదేమో.”

“మా అక్క బిడ్డ లగ్గం నాటికి అయిపోవునా?”

“అయిపోయేది” అన్నాను. “తప్పయిందమ్మా. క్షమించు.”

ఆమె క్షమించాననలేదు, క్షమించననీ అనలేదు. “ఇగ పోతా, ఎండ ముదిరితే చేప నిలువది” అని లేచింది. గంప ఎత్తుకోవడానికి ఎప్పుడూ నన్ను చెయ్యి వెయ్యమనేది. ఆ రోజు నేను దగ్గరికి వెళ్లేలోపే గేటు పక్క పిట్టగోడ మీదికి గంప జరుపుకుని, వంగి, తానే తలకెత్తుకుంది.

తర్వాత కూడా ఆమె మా వీధికి వచ్చింది. పిలిస్తే ఆగేది. చేప తూచి, కోసి, కవరులో వేసి ఇచ్చేది. ఎంతయిందో చెప్పేది, డబ్బు తీసుకునేది. ఊరి కబుర్లు మాత్రం పక్కింటి గేటు దగ్గర వాళ్లతో చెప్పేది. మా వంటింటి కిటికీలోంచి వాళ్ల నవ్వులు వినిపించేవి. రెండేళ్ల తర్వాత మా వారికి మళ్లీ బదిలీ అయి మేం ఆ ఇల్లు ఖాళీ చేశాం. సామాను లారీ ఎక్కించే రోజు ఆమె వీధి చివరన చేపలమ్ముతూ కనిపించింది. వెళ్లొస్తానని చెప్పడానికి నాలుగడుగులు నడిచి, చుట్టూ కొనేవాళ్లు గుమిగూడి ఉన్నారని నాకు నేనే సాకు చెప్పుకుని, తిరిగి వచ్చేశాను.